వాడికి తెలియక కాదమ్మా

హబ్సిగూడ, హైదరాబాద్

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకేం చెప్పాలో తోచలేదు. నీ వెనకాల కుక్కర్ కూత, పిల్లాడి అరుపులు, మధ్యలో మీ అత్తగారి గొంతు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. రాత్రి వాడు పడుకున్నాక చదువుకో.

డాక్టరు మీవాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, ఉందన్నారని బెంబేలెత్తిపోతున్నావు. మా మనవడికి ఆ మాట చెప్పింది వాడి ఎనిమిదో ఏట. అప్పటిదాకా నేను పెట్టిన పేర్లు కోతి, మొండిఘటం. ఇరవై ఎనిమిదేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, ఇంట్లో ఒక్క పిల్లాడి దగ్గర నా పంతులమ్మతనం పనిచేయలేదు. పళ్లు తోముకోవాలని వాడికి తెలుసు, చెల్లిని కొట్టకూడదనీ తెలుసు. ఆ క్షణానికి ఆ తెలిసినది చేతికి అందదు, అంతే. ఇది నాకు ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. 2007లో అమెరికాలో పిల్లల మెదడు స్కాన్లు పోల్చి చూస్తే, ఈ పిల్లల్లో మెదడు పైపొర ఎదుగుదల సుమారు మూడేళ్లు ఆలస్యంగా సాగుతోందని తేలింది. ఆగడం, ఆలోచించడం చూసుకునే ముందు భాగంలో ఆ తేడా ఇంకా ఎక్కువట. మీవాడికి తొమ్మిదేళ్లు కదా. ఓర్పు విషయంలో ఆరేళ్ల పిల్లాడనుకో, నీ కోపం సగం తగ్గుతుంది. తెలివి మాత్రం తొమ్మిదేళ్లదే, అక్కడ తక్కువ చేయకు.

పొద్దుటి గొడవ సంగతి చెబుతాను, ఎందుకంటే అందులోనే మిగతాదంతా ఉంది. ఏడుంపావుకి స్కూల్ వ్యాన్. మావాడు ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, బాల్కనీ వల అవతల వాలిన పావురాన్ని చూస్తూ నిలబడేవాడు. నేను వంటింట్లోంచి ‘రెడీ అయ్యావా’ అని నాలుగుసార్లు అరిచేదాన్ని. అయిదోసారి వీపు మీద ఒకటి పడేది. వాడు ఏడుస్తూ వ్యాన్ ఎక్కేవాడు, నేను మధ్యాహ్నం దాకా బాధపడేదాన్ని. ఆఖరికి మార్చింది వాణ్ని కాదు, చోటుని. బట్టలు వేసుకునేది బాల్కనీ కనపడని నడవాలో. రాత్రే సాక్సులు బూట్లలో దూర్చి, బ్యాగు గుమ్మం దగ్గర పెట్టేదాన్ని. చేయాల్సిన నాలుగు పనులూ బొమ్మలేసి బాత్రూమ్ తలుపుకి అంటించాను. ఏదైనా చెప్పాలంటే దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యేసి, ఒక్క మాటే చెప్పి, వాడి చేత మళ్లీ అనిపించేదాన్ని. ‘బ్రష్ చేసి, పాలు తాగి, డైరీ తెచ్చుకో’ అంటే ఈ పిల్లలకి మొదటిదో చివరిదో ఒకటే మిగులుతుంది.

మెచ్చుకోలు వెంటనే అందాలి. ‘వారమంతా బుద్ధిగా ఉంటే ఆదివారం ఐస్‌క్రీమ్’ అన్నావు చూడు, వాడి లెక్కలో ఆదివారం వచ్చే ఏడాది లాంటిది. మేము చింతగింజలు పెట్టుకున్నాం. చెప్పిన పని చేసిన మరుక్షణం సీసాలో ఒక గింజ, పది గింజలకి వాడికి నచ్చినదేదో. ఇందులో నేనొక తప్పు చేశాను. అల్లరి చేసినప్పుడల్లా గింజలు తీసేసేదాన్ని. నాలుగో రోజున వాడే సీసా బోర్లించి ‘నాకొద్దు పో’ అన్నాడు. సంపాదించుకున్నది తీసేసుకోకు.

ఇక కోపం. క్యారమ్స్‌లో ఓడితే మావాడు బోర్డు తిరగేసేవాడు. ఆ సమయంలో ‘ఎందుకిలా చేశావ్’ అని అడగడమంత దండగ ఇంకోటి లేదు. చెల్లిని పక్కగదికి పంపు, చేతికందే గట్టి వస్తువులు తీసెయ్యి, గొంతు తగ్గించి పక్కన కూర్చో. గంటకి చల్లబడ్డాక మాట్లాడు, అదీ రెండు నిమిషాలు. ఆ మాటల్లో వాడి మనసులో జరిగినదానికి పేరు పెట్టు. మన భాషలో ఎన్ని ఉన్నాయో చూడు: అలక, ఉక్రోషం, ఉడుకు, బెంగ, చిరాకు. ఓడినప్పుడు వచ్చింది కోపం కాదు, ఉక్రోషం అని వాడికి చెప్పాను. కొన్నాళ్లకి స్ట్రైకర్ కింద పెట్టి, ‘అమ్మమ్మా, ఉక్రోషం వస్తోంది’ అని మేడ మీదికి పరిగెత్తాడు. ఆ రోజు బోర్డు తిరగబడలేదు. తర్వాత వారం మళ్లీ తిరగబడింది, అది వేరే సంగతి.

మిఠాయిలు మానిపించమని మా వదిన చెబితే ఆరు నెలలు వాడి నోరు కట్టేశాను, ఏమీ తేడా లేదు. పంచదారకీ ఈ అల్లరికీ సంబంధం కనపడలేదని 1995లోనే అధ్యయనాలన్నీ కలిపి చూసి చెప్పారట. మాత్రల విషయం మీ డాక్టరుతోనే తేల్చుకో, పక్కింటివాళ్ల మాట మీద మొదలుపెట్టకు, మానెయ్యకు. మావాడికి ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర ఇచ్చినప్పుడు మధ్యాహ్నం ఆకలి చచ్చిపోయి టిఫిన్ బాక్సు నిండుగా ఇంటికొచ్చేది. డాక్టరుతో చెప్పి, మాత్రకి ముందే నెయ్యేసి రెండు పెసరట్లు, మందు ప్రభావం తగ్గాక సాయంత్రం అన్నం పెట్టేదాన్ని.

మీ అత్తగారు నీ పెంపకాన్ని అంటున్నారని బాధపడకు. ఇది చాలామటుకు వంశంలో వచ్చేదే. మీ ఆయన చిన్నప్పుడు ఎన్ని గొడుగులు పోగొట్టాడో నవ్వుతూ అడుగు, ఆవిడే మొదలుపెడతారు. నీకే ఊపిరాడనప్పుడు 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని, మనసు బాగోలేనప్పుడు మాట్లాడుకోవడానికి ప్రభుత్వం 2022లో పెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రైనా సరే.

ఆదివారం మెట్రోలో యూసుఫ్‌గూడ వస్తాను. వాణ్ని కృష్ణకాంత్ పార్కులో రెండు గంటలు పరిగెత్తిస్తాను, నువ్వు పడుకో. చింతగింజలు కడిగి ఎండబెట్టి నేనే తెస్తాను. సీసా నువ్వు చూడు. గాజుది వద్దు, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

మీ పెద్దమ్మ