నెల రోజుల్లో నవల రాస్తానన్న పాపకు

కర్నూలు

చి.ల.సౌ. పాపకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "నెల రోజుల్లో నవల రాస్తా పెద్దమ్మా" అన్నప్పుడు నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆ హడావుడిలో సగం మాటలు మర్చిపోయాను. అందుకే నింపాదిగా కూర్చుని రాస్తున్నా. కథంతా ముందే ప్లాన్ వేసుకోవాలా అని అడిగావు. కథ సగం తెలిస్తే చాలు, మిగతా సగం రాస్తుంటే వస్తుంది. కానీ నీ మనుషులు ఏ సందులో ఉంటారు, పొద్దున ఏం తింటారు, వీధి కొళాయికి నీళ్ళు ఎన్నింటికి వస్తాయి, ఇవి మాత్రం మొదలుపెట్టక ముందే తెలిసుండాలి. నా చెయ్యి ఆగిపోయిన ప్రతిసారీ ఇట్లాంటి చిన్న సంగతి దగ్గరే ఆగిపోయింది.

నా మొదటి నవల సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మన కర్నూలు రాజధాని అయింది కదా. అప్పుడు మద్రాసు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తా కుటుంబం కథ అది. ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజులు. మా నాయన చెప్పిన కబుర్లు తలనిండా ఉన్నాయి, ఇంకేం కావాలనుకుని వేసవి సెలవుల్లో మొదలుపెట్టాను. పది రోజులు చెయ్యి ఆగలేదు. పదకొండో రోజు ఆ ఇంటి ఇల్లాలు పొయ్యి వెలిగించాలి. కట్టెల పొయ్యా, బొగ్గుల కుంపటా? కట్టెలైతే కొత్త ఊళ్ళో ఎక్కడ కొన్నది? ఆ ఇంట్లో ఎన్ని వాటాలు? నాకు ఒక్కటీ తెలీదు. తెలుసుకుని రాద్దామని లైబ్రరీకి పోయాను, వీధిలో ముసలివాళ్ళందరినీ అడిగాను. వారం గడిచింది. తిరిగొచ్చి కూర్చుంటే ఆ ఇల్లాలు ఎలా మాట్లాడేదో నాకే గుర్తు రాలేదు. నవల అక్కడే నిలిచిపోయింది. ఆ వారం పని నెల ముందు చేసుకోలేదే అని ఇప్పటికీ బాధ.

నీ కథ 2009 వరద గురించి అన్నావు. ఆ అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. నీకు గుర్తున్నది మిద్దె మీద గడిపిన ఆ రాత్రి. నవలకు అది చాలదమ్మా. ఈ నెల ఆదివారాలు అనంతపురంలో ఉండొద్దు, పొద్దున బస్సుకే ఇక్కడికి రా. పాతబస్తీలో మనకు తెలిసిన ఇళ్ళు నాలుగైదున్నాయి. అక్కడికి పోయి "వరద గురించి చెప్పండి" అని అడగొద్దు. అలా అడిగితే పేపర్లో వచ్చినవే చెబుతారు. "నీళ్ళు గడప దాటినప్పుడు ఏం చేతబట్టుకుని మిద్దెక్కారు?" అని అడుగు. మా ఇంట్లో మీ పెదనాయన పిల్లల సర్టిఫికెట్ల ఫైలు పట్టుకున్నారు. మా అత్త దేవుడి పటాలు ఇస్తేగానీ కదలనంది. నేను డబ్బా ఒకటి గుండెకు హత్తుకుని ఎక్కాను. పైకి పోయి చూస్తే అందులో గ్లాసెడు కందిపప్పు ఉంది, అంతే. ఇట్లాంటిది ఇంటికొకటి దొరుకుతుంది. బురద ఎన్నాళ్ళు ఎత్తారు, గోడ మీద నీటి గీత మనిషికి ఎంతవరకు వచ్చింది, ఆ గీత మీద సున్నం ఎప్పుడు కొట్టించారు, అన్నీ అడిగి రాసుకో. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందన్న లెక్క కూడా నీ నోటుబుక్కులో ఉండనీ. నవల్లోకి తేవాలంటే మాత్రం ఆలోచించు. మిద్దె మీద పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లికి క్యూసెక్కులు తెలీవు.

వీధి పటం ఒకటి గీసుకో, ఎవరి ఇల్లు ఎక్కడో. పాత్రల పేర్లు కూడా ముందే ఖాయం చెయ్యి. ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు ఇద్దరికి పెట్టకు, చదివేవాళ్ళు తికమకపడతారు.

ఇక నెల సంగతి. నవంబరే ఎందుకంటున్నావు? నవంబరు నెలలో నవల రాసే ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. 1999 జులైలో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ అనే ఆయనతో కలిపి 21 మంది మొదలుపెట్టారు. నవంబరులో అక్కడ వాతావరణం బాగుండదు, ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చని మరుసటి ఏడాది ఆ నెలకు మార్చుకున్నారు. దాన్ని నడిపిన సంస్థ కూడా 2025లో మూతపడింది. మనకు నవంబరంటే కార్తీకం. తెల్లవారకముందే స్నానాలు, దీపాలు, సోమవారం ఉపవాసాలు, పెళ్ళిళ్ళు, శ్రీశైలం పోతూ దారిలో దిగే చుట్టాలు. ఆ నెలలో నీకు గంట కూడా మిగలదు. ఆషాఢం పెట్టుకో. ముహూర్తాలుండవు, పిలుపులుండవు, మీకు చేను పని కూడా లేదు.

నెలలో 50,000 పదాలు రాయాలని వాళ్ళు పెట్టుకున్న లెక్క కూడా వదిలెయ్. అది ఇంగ్లీషుకు పెట్టుకున్న లెక్క, రోజుకు 1,667 పడుతుంది. మన భాషలో "రాలేకపోయినవాళ్ళకి" అంటే ఒక్క పదం. అదే ఇంగ్లీషులో చెప్పాలంటే ఐదారు కావాలి. నా అంచనాకు తెలుగులో 30,000 పదాలు రాస్తే అంత కథ వచ్చేస్తుంది. దాన్ని కూడా 30 రోజులకు పంచొద్దు. జ్వరానికో, చుట్టాలకో, ఊరికే మనసు బాగాలేకపోవడానికో నాలుగు రోజులు తీసేసి 26కు పంచు. రోజుకు 1,150 చిల్లర. నా చేతిరాతకు పేజీకి 150 పదాలు, అంటే ఏడెనిమిది పేజీలు.

నువ్వేమో లాప్‌టాప్‌లో రాస్తానంటున్నావు. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు కొట్టే చేతికి తెలుగు వత్తులు, గుణింతాలు వెంటనే రావు. పదిహేను రోజుల ముందు నుంచే రోజూ అరగంట ఏదో ఒకటి తెలుగులో టైప్ చెయ్. విశ్వనాథ సత్యనారాయణగారు వేయిపడగలు 29 రోజుల్లో నోటితో చెబుతుంటే వాళ్ళ తమ్ముడు రాశారంటారు. నీకు అట్లాంటి తమ్ముడు లేడు గానీ ఫోనుంది. సంభాషణలు దానికి చెప్పి రాయించుకోవచ్చు. అయితే "యాడికి పోతాండావు" లాంటి మన మాటను అది తనకు తోచినట్టు మార్చేస్తుంది, అదే రోజు సరిచేసుకో.

మీ అత్తగారికి ముందే చెప్పు, దాచిపెట్టి రాయాలని చూడొద్దు. "అత్తా, ఈ నెల తెల్లవారి నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా నన్ను పిలవొద్దు" అని నోరు తెరిచి అడుగు. ఆమె మంచిది, ఒప్పుకుంటుంది. చెనిక్కాయల పొడి, ఎర్రకారం శనివారమే చేసి పెట్టుకో. బొరుగులు ఇంట్లో ఉంటే ఉగ్గాని పది నిమిషాల పని. మీ ఆయనకు కూడా ఉగ్గాని చెయ్యడం నేర్పించు.

రాసే నెలలో వెనక్కి తిరిగి చదవొద్దు. నిన్నటి చివరి పేరా ఒక్కటి చూసుకో, అంతే. తెలియని సంగతి వస్తే చదరం ఒకటి గీసి అందులో "పొయ్యి?" అని రాసి ముందుకు పో. ఆ ఒక్క ఉపాయం ఆ రోజు నాకు తట్టలేదు. పది, పన్నెండు రోజులప్పుడు ఇదంతా చెత్త అనిపిస్తుంది. నాకు ప్రతి నవలకూ అనిపించింది. ఆ రోజు నాకు ఫోన్ చెయ్, ఎంత పొద్దుపోయినా సరే.

ఏ రోజు రాసింది ఆ రోజే నీకు నువ్వు మెయిల్ చేసుకో, నాకు కూడా వాట్సాప్‌లో పంపు. నేను తెరిచి చదవను, ఊరికే దాచిపెడతాను. వరద పోయాక నా ట్రంకుపెట్టె తెరిస్తే నోటుబుక్కులన్నీ అట్టల్లాగా అతుక్కుపోయి ఉన్నాయి. ఎండలో ఆరబెట్టి ఒక్కో కాగితం విడదీశాను. సిరాతో రాసిన ఆ గుమాస్తా కథ మొత్తం కొట్టుకుపోయి, కాగితాల మీద నీలం మరకలు మిగిలాయి. ముసలివాళ్ళను అడిగి పెన్సిల్‌తో రాసుకున్న చిన్న పుస్తకం ఒకటి మాత్రం అక్షరం చెదరలేదు. వచ్చే ఆదివారం నువ్వొచ్చేసరికి అది తీసి పెడతాను. ఎవరినెలా అడిగానో చూద్దువు గానీ. కుంపటి సంగతి కూడా అందులోనే ఉంది.

ఇట్లు
మీ పెద్దమ్మ