పేరు పెట్టడానికి తొందరేంటి తమ్ముడూ

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివేశా. విశాఖ దగ్గర ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండిన తొట్లకొండ మీద తవ్వకం, వాన, టార్పాలిన్ కింద ముడుచుకు కూర్చున్న కూలీలు, కింద సముద్రం, అదంతా బానే పట్టావ్. కానీ మూడో పేజీలో మట్టిలోంచి ఆ వస్తువు బయటికి రాగానే మీ ప్రొఫెసర్ గారు కళ్ళజోడు సర్దుకుని "ఇది భిక్షువుల పూజా సామగ్రి" అనేశారు చూడు, నాకు కథ అక్కడే అయిపోయింది. ఇంకా తొమ్మిది పేజీలున్నాయి మరి! అయినా ఏంటో తెలీనిదల్లా పూజకి వాడుంటారు అనేయడం తవ్వకాల వాళ్ళలో పాత జోకు, నువ్వు దాన్ని సీరియస్‌గా రాసేశావ్.

నేనూ ఇదే చేశాలే. నీ వయసులో ఉన్నప్పుడు భీమిలి దగ్గర మా ఫ్రెండ్ వాళ్ళ ఇంటి పునాది తవ్వుతుంటే కాల్చిన మట్టి బిళ్ళ ఒకటి దొరికింది, నిమ్మకాయంత, దానికో చిల్లు. నేను ఆ రాత్రే దాన్ని ఓ రాణి మెడలో లాకెట్ చేసేసి కథ రాసి పంపించా, వారంలో తిరిగొచ్చింది. తర్వాత బీచ్‌లో వలలు బాగుచేసుకునే ఒకాయనకి చూపిస్తే "లాకెట్టేటి బాబూ, ఇది వలకి కట్టే గుండు, మా తాత కాడ ఇలాటివి ఉండీవి" అన్నాడు. పొందూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం చేతిలోకి తీసుకోగానే వేళ్ళతో గిర్రున తిప్పి చూసింది, నూలు వడికే కదురుకి బరువు కోసం గుచ్చే బిళ్ళ అంది. ఇద్దరూ వాళ్ళ వాళ్ళ చేతులతోనే ఆలోచించారు, నేను మాత్రం సినిమాతో ఆలోచించా.

ఇప్పుడైతే ఏం చూడాలో కొంచెం తెలుసు. కదురుదైతే చిల్లు సరిగ్గా నడిమధ్యన ఉండాలి, లేకపోతే తిరిగేటప్పుడు ఊగుతుంది. వలదైతే తాడు ఒరుసుకుని చిల్లు అంచు ఒకవైపు అరిగుంటుంది. మాదాంట్లో చిల్లు కాస్త పక్కకుంది, అరుగుదలేమో లేదు. ఇంకా అన్యాయం ఏంటంటే అది ఎంత లోతులో దొరికింది, పక్కన కుండపెంకులున్నాయా బూడిదుందా అని మేం ఎవరం చూళ్ళేదు, ఎత్తేసి పంపు కింద కడిగేశాం, సగం జవాబు ఆ నీళ్ళలోనే పోయింది. నీ హీరో దాన్ని జేబులో వేసుకుంటాడే, అక్కడ నాకు ఒళ్ళు మండింది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది, భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే. ఆ భయమన్నా పెట్టు వాడికి, కథకి పనికొస్తుంది.

యూరప్‌లో రోమన్ల కాలం నాటి వస్తువు ఒకటుంది, రాగి కలిసిన లోహంతో పోతపోసింది, లోపల బోలు, 12 ముఖాలు, ఒక్కో ముఖానికి ఒక్కో సైజు చిల్లు, 20 మూలల్లోనూ చిన్న చిన్న గుండీలు. 1739లో ఇంగ్లండ్‌లో మొదటిది దొరికింది, ఇప్పటికి వంద దాటాయి, అయినా అదేంటో తేలలేదు. ఆ కాలం రాతల్లో దాని ఊసే లేదు. ఒకదాంట్లో మైనం కనిపించిందని కొవ్వొత్తి స్టాండ్ అన్నారు, ఇంకొకరు దాని నమూనా చేసి దాంతో గ్లవుజులే అల్లి చూపించారు, సర్వే పరికరం అన్నవాళ్ళూ ఉన్నారు. 2023లో నార్టన్ డిస్నీ అనే ఊళ్ళో ఔత్సాహికులు తవ్వితే ఒకటి చెక్కుచెదరకుండా దొరికింది, రోమన్ కుండపెంకులతో పాటు గొయ్యిలో ఉంది, పనిముట్టుగా వాడిన అరుగుదల లేదన్నారు. చూడు, వాళ్ళ దగ్గర పేరు లేదు గానీ గొయ్యి ఉంది. దాదాపు మూడొందల ఏళ్ళుగా తేలనిది అక్కడుంటే మీ ప్రొఫెసర్‌కి మూడు సెకన్లు పట్టలేదు!

ఆయన్ని తీసెయ్యమనట్లేదు, నోరు కట్టెయ్ అంతే. తొట్లు తొలిచిన ఆ కొండని 1976లో నేవీ ఏరియల్ సర్వేలో చూశారు, తవ్వకాలు మొదలైంది 1988లో. మధ్య పన్నెండేళ్ళు. నువ్వు ఒక్క సాయంత్రం ఆగలేవా? ఆ సాయంత్రం ఆ వస్తువు మీ కూలీల్లో చేతులు మారనీ, మత్స్యకారుల ఇంటి పిల్ల ఒకలా, కుమ్మరి ఇంకోలా పట్టుకోనీ.

ఆదివారం ఖాళీ ఉంటే ఇంటికి రా, మా బిళ్ళ నీ చేతిలో పెడతా, పేరు పెట్టకుండా ఒక పేజీ రాసివ్వు. కాయితాలు మాత్రం జాగ్రత్తగా తియ్, ఫ్యాన్ గాలికి ఎగరకుండా వాటి మీద పెట్టుకున్నా దాన్ని, దాని వాడకం గురించి ఖాయంగా తెలిసింది అదొక్కటే.

ఉంటా,
అన్నయ్య