‘మా అమ్మాయికి ఆత్మవిశ్వాసం లేదు’ అంటున్న తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. స్కూల్లో ఉన్నన్నాళ్లూ ఆమెదే మొదటి ర్యాంకు. పేరున్న కాలేజీలో సీటు తెచ్చుకున్న తరువాత మెల్లగా మౌనంలోకి వెళ్లిపోయింది. క్లాసులో నోరు విప్పదు, గ్రూప్ డిస్కషన్ ఉందంటే ఆ రోజు కాలేజీకే వెళ్లదు. ఈ మధ్య ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకు పిలుపు వస్తే తన వల్ల కాదని ఊరుకుంది. తెలివి ఉంది కానీ ఆత్మవిశ్వాసం లేదు. సెలవుల్లో వ్యక్తిత్వ వికాస శిబిరంలో చేర్పించాలా, పబ్లిక్ స్పీకింగ్ కోర్సులో చేర్పించాలా? రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పగలరు.

సమాధానం: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా ఏళ్లుగా వస్తున్నాయి. కోర్సుల పేర్లు మారుతుంటాయి, ఒకసారి అబ్బాయి గురించి, మరోసారి అమ్మాయి గురించి రాస్తారు, కానీ రాసిన తల్లి లేదా తండ్రి గుండెల్లోని గుబులు ఒకటే. ఏ కోర్సు మేలని మీరు అడిగారు. మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న మాత్రం వేరే ఉంది: ఇంత బెరుకు పిల్ల రేపు నలుగురిలో ఎలా నెగ్గుకొస్తుంది, ఆమె ఇలా కావడానికి నా పెంపకమే కారణమా అన్నది. కోర్సుల సంగతి తరువాత చూద్దాం, ముందు దీనికి జవాబు చెప్పాలి.

మీ అమ్మాయి తనలో ఉన్నదేదీ పోగొట్టుకోలేదు. ఆమె చుట్టూ ఉన్నవారు మారారు. వేర్వేరు స్కూళ్లలో మొదటి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలను ఏరి ఒకే గదిలో కూర్చోబెడితే, వారిలో సగం మంది ఆ గదిలో కింది సగంలో ఉండక తప్పదు. నిన్నటిదాకా ముందు వరుసలో ఉన్న పిల్లకు అది తన లోపంలాగే కనిపిస్తుంది. హెర్బర్ట్ మార్ష్ అనే విద్యా మనస్తత్వవేత్త 1980ల నుంచి ఈ విషయంపై పరిశోధనలు చేశారు. సమానమైన సామర్థ్యం ఉన్న ఇద్దరు విద్యార్థులలో, గట్టి పోటీ ఉన్న విద్యాసంస్థలో చదివేవారికి తమ చదువు మీద తమకున్న అంచనా తక్కువగా ఉంటుందని ఆయన చూపారు. చిన్న చెరువులో పెద్ద చేప అన్న పాత పోలికతోనే ఆ ప్రభావానికి పేరు పెట్టారు. పెద్ద చెరువులోకి వచ్చిన మీ అమ్మాయి, తన చుట్టూ ఉన్న పెద్ద చేపలను చూసి తాను చిన్నదైపోయానని అనుకుంటోంది. ఈ సంగతి ఎవరైనా ఆమెకు విడమరచి చెప్పారా? సలహా కోసం నా దగ్గరకు వచ్చే పిల్లలలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు. తమ ఒక్కరికే ఇలా జరుగుతోందన్న సిగ్గుతో వారు మరింత ముడుచుకుపోతారు.

ఇక ఆత్మవిశ్వాసం అనే మాట. దానిని మనం ఒక గుణంలాగా, కొందరికి పుట్టుకతో వచ్చి కొందరికి రాని స్వరంలాగా మాట్లాడుతుంటాం. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో ప్రచురించిన సిద్ధాంతం నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది. ఒక పనిని నేను చేయగలను అన్న నమ్మకం ప్రధానంగా నాలుగు దారులలో వస్తుందని ఆయన అన్నారు: స్వయంగా చేసి సాధించిన అనుభవం, తమలాంటి మరొకరు చేయగా చూడడం, ఇతరులు చెప్పే ధైర్యం, ఆ సమయంలో శరీరం ఉండే తీరు. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనది. పాములంటే విపరీతమైన భయం ఉన్నవారితో ఆయన బృందం చేసిన ప్రయోగాలలో, పక్కన మనిషి సాయంతో మెల్లమెల్లగా తామే పామును పట్టుకునేదాకా వెళ్లినవారికి, మరొకరు పట్టుకుంటుండగా చూసి ఊరుకున్నవారి కంటే ఎక్కువ ధైర్యం వచ్చింది. అంటే ఈ నమ్మకం పనికి ముందు పుట్టేది కాదు, పని చేశాక మిగిలేది. ‘ముందు ఆత్మవిశ్వాసం రానివ్వండి, తరువాత ఇంటర్వ్యూకు వెళ్తాను’ అనే పిల్లలు, ఈత వచ్చాకే నీళ్లలో దిగుతామన్నట్టు ఏళ్ల తరబడి గట్టు మీదే నిలబడిపోతారు.

ఇప్పుడు మీరడిగిన రెండు కోర్సుల గురించి. వ్యక్తిత్వ వికాస శిబిరాల విషయంలో నాకు గట్టి సందేహాలున్నాయి, వాటిని దాచుకోను. పెద్ద హాలులో వందలమంది, వేదిక మీద అనర్గళంగా మాట్లాడే వక్త, చప్పట్లు, గెలిచినవారి కథలు, చివరికి అందరూ లేచి నిలబడి నేను సాధించగలను అని గట్టిగా అరవడం అనే పద్ధతిలో పిల్లలకు దొరికేది ఇతరులు చెప్పే ధైర్యం, అదీ రెండు మూడు రోజులకు సరిపడా. అక్కడి నుంచి ఉప్పొంగి వచ్చిన పిల్లలు వారం తిరగకముందే నా ఎదుట కూర్చుని, ‘అంత చెప్పినా నాలో మార్పు రాలేదంటే లోపం నాలోనే ఉంది’ అని కన్నీళ్లు పెట్టుకోవడం నేను పలుమార్లు చూశాను. మునుపు ఒక్క బెరుకే ఉండేది, ఇప్పుడు దానికి ఓటమి కూడా తోడైంది. ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఈ శిబిరాలలో నేర్పే చిట్కాలకు కూడా చెప్పుకున్నంత బలం లేదు. రెండు నిమిషాలు ఛాతీ విరిచి, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడితే హార్మోన్లు మారి ధైర్యం వస్తుందని ఒక మాట లోకమంతా పాకింది. దానికి ఆధారమైన 2010 నాటి ప్రయోగంలో పాల్గొన్నవారు 42 మంది మాత్రమే. 2015లో వేరే బృందం 200 మందితో అదే ప్రయోగం చేసినప్పుడు, పాల్గొన్నవారికి కాసేపు తాము శక్తిమంతులమని అనిపించింది కానీ, హార్మోన్లలో గానీ సాహసించే తీరులో గానీ తేడా కనిపించలేదు. తొలి పరిశోధన పత్రానికి మొదటి రచయిత్రి అయిన డానా కార్నీ, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని 2016లో బహిరంగంగా ప్రకటించారు. అయినా ఆ భంగిమను నేర్పే తరగతులు ఆగలేదు. పిల్లలకు తమ మీద తమకు మంచి అభిప్రాయం కలిగిస్తే చదువు దానంతట అదే బాగుపడుతుందన్న నమ్మకాన్ని రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు 2003లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ ముందు పెట్టుకుని పరిశీలించారు. ఆత్మగౌరవాన్ని పెంచితే మార్కులు పెరుగుతాయనడానికి వారికి ఆధారం దొరకలేదు. బాగా చదవడం వల్ల ఆత్మగౌరవం పెరగడమే కొంతవరకు కనిపించింది.

పబ్లిక్ స్పీకింగ్ కోర్సు దీనికంటే నయం, అయితే మూడు షరతుల మీద. ప్రతి విద్యార్థి ప్రతి వారం లేచి మాట్లాడాలి, పదిమందికి మించని బృందం ఉండాలి, మాట్లాడినదానిలో ఏది బాగుంది, ఏది మార్చుకోవాలి అన్నది స్పష్టంగా చెప్పే మనిషి ఉండాలి. ఈ మూడూ లేని కోర్సు కూడా వినడానికి వెళ్లే హాలే అవుతుంది. పోలిక ఇంతకుమించి అవసరం లేదు.

ఇక మీతో కొంచెం కటువుగా మాట్లాడాలి. కొంతకాలం క్రితం ఒక తండ్రి తన కూతురిని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. ఏ సబ్జెక్టు ఇష్టమని నేను అమ్మాయిని అడిగితే, కెమిస్ట్రీ అని తండ్రి చెప్పారు. అందులో ఏది కష్టంగా ఉందని అడిగితే, దానికీ ఆయనే జవాబిచ్చారు. ఆ అమ్మాయి పెన్ను మూత తీసి పెడుతూ, మళ్లీ తీస్తూ కూర్చుంది. మూడో ప్రశ్నకు ముందు ఆయనను బయట కూర్చోమన్నాను. తలుపు మూసుకున్నాక దాదాపు ఒక నిమిషం నిశ్శబ్దం. నేను తొందరపెట్టలేదు. అప్పుడు ఆమె తలెత్తకుండానే, ల్యాబ్‌లో తన బ్యాచ్ వాళ్లందరి బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం) రీడింగులు కలవకపోతే, తాను ద్రావణాన్ని మళ్లీ తయారుచేసి, చివర్లో ఒక్కొక్క చుక్క చొప్పున వదులుతూ వరుసగా మూడు రీడింగులు ఒకేలా వచ్చేదాకా టైట్రేషన్ చేశానని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె గొంతు వణకలేదు, పెన్ను మూత బల్ల మీద కదలకుండా ఉంది. తండ్రిని లోపలికి పిలిచి ఈ సంగతి చెబితే, ఇది నాకెప్పుడూ చెప్పలేదే అన్నారు. ఆయన చెప్పనిస్తే కదా.

మీ ఉత్తరంలో మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క మాటైనా లేదు, ‘తన వల్ల కాదు’ అన్నది తప్ప. ఇంటర్వ్యూకు ఎందుకు వెళ్లలేదో, దేనికి భయపడిందో మీరు అడిగారా, లేక వెళ్లలేదని తెలియగానే ఉపన్యాసం మొదలుపెట్టారా? బంధువుల ముందు ‘మా అమ్మాయికి కాన్ఫిడెన్స్ తక్కువ’ అని ఎన్నిసార్లు అన్నారు? ఆ మాట ఆమె చెవిన పడుతూనే ఉంటుంది, పడినప్పుడల్లా అది ఆమె గురించిన తీర్పులా స్థిరపడుతుంది. కాలేజీ దరఖాస్తు నింపింది ఎవరు, ఫీజు రసీదు గురించి ఆఫీసుకు ఫోన్ చేసింది ఎవరు? ప్రేమతోనే చేసి ఉంటారు, నాకు తెలుసు. కానీ మీరు చేసిపెట్టిన ప్రతి పనీ, ఇది నీ వల్ల కాదు అని ఆమెకు నోరు తెరవకుండా చెప్పిన మాటే.

పొగడ్త విషయంలోనూ జాగ్రత్త అవసరం. క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాలలో అయిదో తరగతి పిల్లలకు బొమ్మల వరుసలతో కూడిన కొన్ని పజిళ్లిచ్చి, కొందరిని తెలివైనవారని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలలో ఎక్కువమంది ఆ తరువాత తమ తెలివి బయటపడే సులువైన పనినే కోరుకున్నారు, కష్టమైన పజిళ్లలో దెబ్బతిన్నాక త్వరగా వెనక్కి తగ్గారు. తమకు వచ్చిన మార్కులను రాయమంటే వారిలో పదికి దాదాపు నలుగురు ఎక్కువ చేసి రాశారు. చిన్నప్పటి నుంచి తెలివైన పిల్ల, మొదటి ర్యాంకు పిల్ల అనిపించుకున్నవారికి, తెలియదు అని ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మీ అమ్మాయి క్లాసులో నోరు విప్పకపోవడానికి ఇదే కారణం కావచ్చు: తప్పు చెబితే ర్యాంకుతో పాటు తానే పోతానన్న భయం.

ఈ భయాన్ని మాటలతో పోగొట్టలేం, మెట్లు కట్టాలి. ఫోన్‌లో కొత్తవారితో మాట్లాడలేని ఒక అబ్బాయితో నేను చేసినది చెబుతాను. మొదటి రోజు చెప్పవలసిన మూడు వాక్యాలను కాగితం మీద రాసుకున్నాడు. గ్రంథాలయానికి ఫోన్ చేసి ఎన్నింటికి మూస్తారని అడగడమే పని. చేతిలో కాగితం వణికింది, రెండో వాక్యం దగ్గర తడబడ్డాడు, అయినా జవాబు తెలుసుకున్నాడు. మరుసటి వారం కాగితం లేకుండా ఇంకో ఫోన్, ఆ తరువాత క్లాసు అయ్యాక లెక్చరర్‌ను ఒక్క సందేహం అడగడం, తరువాత క్లాసు మధ్యలోనే అడగడం. నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండు వారాలు ఏమీ చేయకుండా ఉండిపోయాడు, మళ్లీ ఒక మెట్టు కిందికి దిగి మొదలుపెట్టాం. అతను ఇప్పటికీ మితభాషే, అలా ఉండడంలో తప్పేమీ లేదు. అవసరమైన చోట మాట్లాడగలుగుతున్నాడు.

మీ అమ్మాయికి మరో రెండు సంగతులు తెలిస్తే భారం తగ్గుతుంది. 2000లో వెలువడిన ఒక ప్రయోగంలో, ఇబ్బందికరమైన బొమ్మ ఉన్న టీషర్టు వేసి ఒక్కొక్క విద్యార్థిని తోటివారున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వారు అనుకున్నారు, నిజానికి గమనించినది నాలుగో వంతు మందే. అందరూ మనల్నే చూస్తున్నారనుకోవడం మనసు చేసే పొరపాటు. అలాగే 2003లో కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ చేసిన ప్రయోగంలో, లోపలి కంగారు మనం అనుకున్నంతగా బయటికి కనిపించదని ముందే తెలుసుకున్న విద్యార్థులు, తెలియనివారి కంటే మెరుగ్గా ప్రసంగించారు. కంగారు పోవలసిన అవసరం లేదు, దానితోనే మాట్లాడవచ్చు.

ఒక్క హెచ్చరిక. నలుగురిలోకి వెళ్లాలంటే గుండెదడ, చెమటలు, ముందురోజు నిద్ర లేకపోవడం ఆరు నెలలకు పైగా కొనసాగుతూ, చదువును, స్నేహాలను దెబ్బతీస్తుంటే అది ఉత్త బెరుకు కాకపోవచ్చు. సోషల్ యాంగ్జయిటీ అనే సమస్య అయితే దానికి చికిత్స ఉంది, ఆలోచనలను, ప్రవర్తనను మెల్లగా మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ బాగా పనిచేస్తుంది. అప్పుడు క్లినికల్ సైకాలజిస్టును కలవడానికి వెనుకాడకండి, ఆమెను అడిగి, ఆమెతో కలిసి వెళ్లండి. గ్రూప్ డిస్కషన్ ఉన్న రోజు కాలేజీ మానేస్తోందని రాశారు కనుక ఈ విషయం తప్పనిసరిగా గమనించాలి.

ఇంటర్న్‌షిప్ అవకాశం పూర్తిగా పోయిందని కూడా అనుకోకండి. అప్పుడు రాలేకపోయాను, మరో అవకాశం ఉంటే తెలియజేయండి అని ఆ సంస్థకు నాలుగు వాక్యాల మెయిల్ పంపవచ్చని ఆమెకు చెప్పండి. పంపాలో వద్దో ఆమే నిర్ణయించుకోనివ్వండి. పంపేముందు మీకు చూపిస్తే, అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పి, కీబోర్డును ఆమె చేతిలోనే ఉంచండి.