కొండబాట బాగుచేయబోయే మేనల్లుడికి

మేనల్లుడా,

వినాయక చవితికి పర్లాకిమిడి వచ్చినప్పుడు నువ్వు చెప్పిన మాటే బుర్రలో తిరుగుతోంది. కుర్రాళ్ళంతా కలిసి శివాలయం కొండబాట బాగుచేస్తామంటున్నారు, చెయ్యండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఆ బాట కొట్టుకుపోయాక మేమూ ఓ పదిమందిమి ఆ పనికి దిగాం. సగం బాగుచేశాం, సగం చెడగొట్టాం. ఆ చెడగొట్టిన సగం గురించే ఈ ఉత్తరం.

నిటారుగా ఉన్నచోట మెట్లు కట్టాం. చూడ్డానికి గుడిమెట్లలా ముచ్చటగా ఉండేవి, ఒక్కొక్కటి దాదాపు అడుగు ఎత్తు. నెల తిరక్కుండానే సంతకి దిగే సవర ఆడవాళ్ళు మెట్లు వదిలేసి పక్కనున్న మట్టిలోంచి నడవడం మొదలెట్టారు. నెత్తిమీద పనసకాయలో కొండచీపుర్ల మోపో పెట్టుకున్న మనిషి అంత ఎత్తు మెట్టు దిగితే మోకాలు ఏమవుతుంది? ఆ మాట మాకెవరికీ తట్టలేదు, వాళ్ళని అడగనూ లేదు. వాళ్ళు నడిచిన జాడే తర్వాతి వానలకి గండిపడి మెట్ల కింద మట్టినంతా లాక్కుపోయింది. అందుకని పార పట్టకముందు ఓ సంతరోజు పొద్దున్నే ఆ మలుపులో కూర్చో. ఎవరు ఎక్కడ అడుగేస్తున్నారో చూడు. మెట్టు తప్పనిసరైతే అయిదారు అంగుళాలు దాటనివ్వకు. కింది మెట్టుతో మొదలెట్టి, పైరాయి అంచు కిందిరాయి మీద కూర్చునేలా పేర్చుకుంటూ పైకి పోవాలి.

అసలు శత్రువు నీళ్ళు. మన కొండ మహేంద్రగిరి అంత పెద్దది కాదు, దానిలా 1501 మీటర్ల ఎత్తు లేదు, కానీ వాన ఒకటే కదా. జోరువానలో గొడుగేసుకుని బాటంతా ఒకసారి నడువు (ఉరుములుంటే మాత్రం ఇంట్లోనే ఉండు, మీ అమ్మ నన్ను బతకనివ్వదు). నీళ్ళు ఎక్కడ బాటలోకి దిగుతున్నాయో, ఎక్కడ వదిలి పోతున్నాయో అప్పుడే తెలుస్తుంది. బాట కొద్దిగా లోయవైపు వాలి ఉండాలి. మేం జేబులో నిమ్మకాయ పెట్టుకునేవాళ్ళం. బాట మధ్యలో వదిలితే మెల్లగా లోయవైపు దొర్లాలి. బాట వెంటే కిందికి పరుగెత్తిందా, నీళ్ళూ అలాగే పరుగెత్తుతాయి.

ఏటవాలు ఎక్కువున్నచోట బాటకి అడ్డంగా రాళ్ళ వరస పాతాలి. తిన్నగా కాదు, ఐమూలగా. తిన్నగా పెడితే నీళ్ళు అక్కడే ఆగి, మట్టి మేటవేసి, పైనుంచి పొర్లిపోతాయి. ప్రతి రాయీ సగానికి పైగా భూమిలో ఉండాలి, లేకపోతే మేకలే దొర్లించేస్తాయి. నీళ్ళు బయటికి పోయే మూల మూసుకుపోకుండా వానాకాలమంతా మట్టి తీస్తూ ఉండాలి. ఆ పనికి ఫొటోలు ఉండవు కాబట్టి ఎవరూ రారు. ఇద్దరిని ఇప్పుడే ఒప్పించి పెట్టుకో.

అడవి భూమి కనుక ఫారెస్టు రేంజి ఆఫీసులో అర్జీ ఇవ్వకుండా కొమ్మ కూడా నరక్కండి. మనది ఒడిశా కాబట్టి అర్జీ ఒడియాలో రాయించు. దానికి ముందు పల్లిసభలోనూ (అదే, ఊరివాళ్ళంతా కూర్చునే గ్రామసభ), అడవిని కాపాడే వన సురక్షా సమితి వాళ్ళతోనూ మాట్లాడు. మన మాట ఎలా ఉన్నా, ఆ కొండ కింద పుట్టినవాళ్ళ మాటకి బరువుంటుంది.

ఎవరో ఒకరు జేసీబీ పంపిస్తానంటారు. దండం పెట్టి వద్దను. ఒక్కపూటలో వెడల్పు చేసేస్తుంది నిజమే, కొండ పాదం కోసేశాక పైనున్న మట్టిని ఆపేదెవరు?

పని కార్తీకంలో పెట్టుకోండి, నేల ఇంకా మెత్తగా ఉంటుంది. నలభైమంది అక్కర్లేదు, పన్నెండుమంది చాలు. పార ఎత్తేవాడికీ పక్కవాడికీ మధ్య రెండు పారల దూరం ఉండాలి. రాయి కదిపేటప్పుడు కింది వాలులో ఒక్కడు కూడా ఉండకూడదు, సెల్ఫీ తీసుకునేవాడైనా సరే. పెద్దరాయి ఎత్తొద్దు, గునపంతో దొర్లించండి. చోడి అంబలి మీ అత్త కాచి పంపుతానంది.

నా గునపం పెరట్లో బావి పక్కన ఉంది, పట్టుకెళ్ళు. పార కూడా తీసుకో. దాని కామ వదులైంది, ముందురోజు రాత్రి నీళ్ళలో నానేసి ఉంచు.

మీ మావయ్య