ముందు ఆ బూట్లు ఆరబెట్టు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు శనివారం వస్తే చాలు ఏట్లో దిగి పీతలు పడతాడట, నువ్వైనా చెప్పక్కా" అని ఒకటే గొడవ. పీతలు కాదే, క్రేఫిష్, మంచినీళ్ళలో ఉండే పెద్ద రొయ్యల్లాంటివి అన్నాను. "ఏదైతే ఏంటి, నీళ్ళే కదా" అంది. నాకు నవ్వొచ్చింది. కంప్యూటర్ ముందు నుంచి లేవని వాడివి, కెనెట్ నది గట్టు మీద పొద్దున్నే నిలబడ్డావంటే కాస్త గర్వంగానూ అనిపించింది. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పింది. ఆగస్టు సెలవులకి ఇక్కడికి వస్తూ ఆ బోన్లు కారు డిక్కీలో వేసుకొస్తావట, మా యార్క్‌షైర్ వాగులో కూడా వేసి చూద్దామని. ఇక నిద్ర పడితే ఒట్టు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు పెడతావు, అందుకే ఉత్తరం.

ముందు కాగితాల సంగతి. నది నీ సొంత పెరట్లో పారినా సరే, క్రేఫిష్ బోను వెయ్యాలంటే ఇంగ్లండ్‌లో నదుల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ, ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. గట్టు ఎవరిదో వాళ్ళూ ఒప్పుకోవాలి. ఏజెన్సీ ఇచ్చిన ట్యాగు ప్రతి బోనుకీ ఉండాలి. అమ్ముతున్నారు కదా అని ఏది పడితే అది కొనకు. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 35, నోరు తొమ్మిదిన్నర దాటకూడదు. నోటి కొలత నీటికుక్కల కోసం పెట్టింది. లోపలి ఎర కోసం దూరి, బయటికి రాలేక, ఊపిరాడక చచ్చిపోతాయవి. రోజుకొక్కసారైనా బోను తీసి చూడాలి. ఆఫీసులో డెడ్‌లైన్ ఉన్న వారం అసలు వెయ్యకు.

నీకింకా ఐఎల్ఆర్, అదే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, రాలేదు, అది గుర్తుంచుకో. రేపు ఆ అప్లికేషన్‌లో నేరాల గురించి అడుగుతారు. క్రేఫిష్ కేసని రాసుకుంటావా? మీ అమ్మకి నీళ్ళంటే భయం, నాకు కాగితాలంటే భయం. ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉన్నా, పోలీసు కారు పక్కనుంచి పోతే ఇప్పటికీ సీటు బెల్టు తడుముకుంటాను.

నువ్వు పట్టేది సిగ్నల్ క్రేఫిష్. అమెరికాది. 1970ల్లో హోటళ్ళకి అమ్ముకోవచ్చని ఇక్కడ చెరువుల్లో పెంచారు, తప్పించుకుని నదుల్లో పడ్డాయి. గట్లలో బొరియలు తవ్వి మట్టంతా కూలుస్తాయి. ముందున్న పట్టకారుల్లాంటి గోళ్ళు తిప్పి చూస్తే అడుగున ఎర్రగా ఉంటుంది, పైవైపు మడత దగ్గర తెల్లటి మచ్చ. ఇక్కడిది తెల్లగోళ్ళ క్రేఫిష్. చిన్నది, సాధువు. గోళ్ళ అడుగున ఎరుపు ఉండదు. అది పొరపాటున పడితే అక్కడికక్కడే నీళ్ళలో వదిలెయ్యి, ఫోటోల కోసం పట్టుకుని నిలబడకు. సిగ్నల్‌ది తిరగేసిన రూలు. పిల్లదైనా, పొట్ట కింద గుడ్లున్నా, ఒకసారి పట్టాక తిరిగి వదిలితే నేరం. నీది మెత్తటి మనసు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ప్రాణంతో ఇంటికి తేవడం కూడా 2019 డిసెంబరు నుంచి లైసెన్సు లేకుండా కుదరదు. మా రోజుల్లో బకెట్‌లో తెచ్చి రెండు రోజులు బాత్‌టబ్‌లో ఉంచేవాళ్ళం, కడుపులో బురద పోవాలని. మీ పెదనాన్న స్నానం మా పక్కింట్లో! ఇప్పుడు ఐస్ డబ్బా పట్టుకెళ్ళు. బాగా చల్లబడి అవి కదలడం మానేశాక గట్టు మీదే పని కానిచ్చెయ్. తోక చివర మధ్య రెక్క మెలిపెట్టి లాగితే నల్ల నరం మొత్తం వచ్చేస్తుంది. వండటం మీ అమ్మకి ఫోన్ చేస్తే చెప్తుంది, తిడుతూనే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

1994 వేసవి. శుక్రవారం సాయంత్రం నేనూ మీ పెదనాన్నా సిగ్నల్ క్రేఫిష్ ఉన్న ఒక నదిలో బోన్లు తీశాం. బూట్లూ వలా తడితడిగానే వ్యాన్ వెనక పడేశాం. ఆదివారం మాకు తెలిసిన రైతు ఒకాయన తన పొలంలో వాగు చూపిస్తానన్నాడు. వెళ్ళి అవే బూట్లతో దిగాం. ఆయన ఒక రాయి రెండు చేతులతో మెల్లగా ఎత్తాడు. కింద తెల్లగోళ్ళవి మూడు. "మా తాత కాలం నుంచీ ఉన్నాయి" అని, ఇంట్లో వాళ్ళని పరిచయం చేసినట్టు చూపించాడు. రాయి మళ్ళీ ఎలా ఉన్నది అలానే పెట్టాడు.

కొన్ని వారాలకి ఆయనే ఫోన్ చేశాడు. వెళ్ళి చూస్తే, ఎప్పుడూ చీకట్లో తిరిగేవి పట్టపగలు బయటికొచ్చి, మడమలెత్తిన చెప్పులేసుకున్నట్టు కాళ్ళ మీద తూలుతున్నాయి. కొన్ని వెల్లకిలా పడి కాళ్ళాడిస్తున్నాయి. ఆ నెల దాటేసరికి ఒక్కటి లేదు. క్రేఫిష్ ప్లేగు అంటారు దాన్ని. బూజులాంటిది. సిగ్నల్‌వి మోస్తాయి, వాటికి పెద్దగా ఏమీ కాదు. ఇక్కడివాటికి సోకితే ఇక అంతే. మనకేం చెయ్యదు. తడి బూటు అంచున, వల ముడిలో, కంటికి కనిపించకుండా కూర్చుని ప్రయాణం చేస్తుంది.

మా బూట్లేనా? ఏమో. పైనుంచి ఇంకెవరైనా దిగి ఉండొచ్చు. ఆ రోజు రైతు ఎవర్నీ ఏమీ అడగలేదు. "ఎలా వచ్చిందో" అన్నాడు, అంతే. మీ పెదనాన్న నా వైపు చూశారు, నేను నీళ్ళ వైపు చూశాను. ఇద్దరం చెప్పలేదు. తర్వాత చాలా క్రిస్మస్‌లకి ఆయనకి కార్డు రాస్తూ, ఈసారి రాసేద్దాం అనుకునేదాన్ని. ఆయన పోయారు. మీ పెదనాన్నా పోయారు.

అందుకని, నీళ్ళలోంచి రాగానే బోను, బూట్లు, తాడు బాగా చూడు, బురదంతా కడుగు. 45 డిగ్రీల వేడి నీళ్ళలో పావుగంట నానబెట్టు. తర్వాత పూర్తిగా ఆరనివ్వు, ఆరాక ఇంకో రెండు రోజులు. బూటు లోపల వేలు పెట్టి చూడు.

ఇంకోటి, నువ్వేదో నదిని బాగుచేస్తున్నానని మీ అమ్మతో గొప్పలు పోయావట. ఇక్కడే యార్క్‌షైర్‌లో ఒక చిన్న వాగు నీళ్ళు తోడి లెక్కపెడితే, బోనులో పడేంత పెద్దవి 100కి 3 కూడా లేవు. పెద్దవాటిని తీసేస్తే చిన్నవాటిని తినేవి తగ్గి, చిన్నవే ఇంకా పెరుగుతాయి. తినడానికి పట్టుకో, సరదా పడు, నేను వద్దనను. నదిని ఉద్ధరించే పని మాత్రం నీది కాదు.

ఆగస్టులో తప్పకుండా రా. బోన్లు రెడింగ్‌లోనే వదిలి రా. పెదనాన్న బూట్లు నీకు సరిపోతాయని మీ అమ్మ అంది, నిజమే, నీది కూడా పదో నంబరే. గరాజ్‌లో అలమారా పైన ఉన్నాయి. 1994 నుంచి ఎవరూ వేసుకోలేదు. అడగకు, ఇవ్వను. కొత్తవి నేనే కొనిపెడతాను.

పెద్దమ్మ