ఊదాపూల తీగను వెంట తీసుకెళ్లాలంటే

చిట్టితల్లీ,

ఆగస్టులో ఆ అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నామనీ, గోడ మీది తీగను వదిలి వెళ్లాలంటే మనసొప్పడం లేదనీ రాశావు. నిరుటి ఫొటో చూస్తే జాక్‌మనీ క్లెమాటిస్ లాగే ఉంది. ఈ ఇంగ్లండులోనే, వోకింగ్ ఊళ్లోని జాక్‌మన్ నర్సరీవాళ్లు 1862లో మొదటిసారి పూయించిన రకం. గింజ వేస్తే అదే పువ్వు రాదు, కొమ్మే నాటాలి. ఇంటి ఓనర్‌ని ముందు ఒక మాట అడుగు.

ఈ మే నెలాఖరులోనే మొదలుపెట్టు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, ఈ ఏడు వచ్చిన పచ్చి తీగను ఒక మూర కత్తిరించు. మొగ్గ తొడిగినది వద్దు. దీని ఆకుకాడలే పక్కదాన్ని చుట్టేసి పట్టుకుంటాయి, లాగితే తెగుతాయి, నిదానంగా విప్పు. రసం తగిలితే చర్మం మండుతుంది, గ్లవ్స్ వేసుకో. కొస మెత్తగా ఉండి వాడిపోతుంది, మధ్య భాగమే మనకు కావాలి.

ఇప్పుడు అసలు సంగతి. మన పెరట్లో మల్లెకొమ్మను కణుపు కింద కోసి నాటేవాళ్లం కదా, నేనూ మొదటి ఏడు ఇక్కడ అలాగే కోసి, కణుపు లోపలికి పోయేలా గుచ్చాను. పదికి పదీ నల్లబడి కుళ్ళిపోయాయి. దీన్ని కణుపుల మధ్య కోయాలమ్మా. కణుపుకి సరిగ్గా పైన ఒక కోత, దాని కింద ఐదు సెంటీమీటర్లు వదిలి ఇంకో కోత. వేళ్లు ఆ నున్నటి కాడ నుంచే వస్తాయి. కణుపు దగ్గర ఎదురెదురుగా రెండాకులుంటాయి, ఒకటి తీసెయ్. రెండోది పెద్దదైతే సగానికి కత్తిరించు. బ్లేడు కొత్తది వాడు, నలిగిన కాడకి బూజు పడుతుంది.

విత్తనాలు మొలకెత్తించే కంపోస్టు సగం, పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికైన తెల్ల గుళికలు) సగం కలిపి తడిపి, కణుపు సరిగ్గా మట్టిపైన ఆనేలా గుచ్చు. ఒక్క కుండీలో అంచు వెంబడి ఆరేడు పెట్టొచ్చు. నాలుగు పుల్లలు గుచ్చి పైన పాలిథిన్ కవరు కప్పు, ఆకుకి మాత్రం తగలకూడదు. రోజూ ఐదు నిమిషాలు తీసి గాలి ఆడనివ్వు. వెలుతురు కావాలి, నేరుగా ఎండ వద్దు.

వేళ్లకి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. టెన్షన్ పడి లాగి చూడకు. కుండీ అడుగు చిల్లుల్లో తెల్లటి వేరు కనిపించాక విడివిడి కుండీల్లోకి మార్చు. ఇల్లు మారేనాటికి కారు డిక్కీలో పట్టేంతే ఉంటాయి.

చలికాలం ఆకులు రాలి, కాడ ఎండుపుల్లలా అయిపోతుంది. చచ్చిందనుకోకు. నేను ఒకసారి డిసెంబరులో అలాంటి కుండీ గుమ్మరించేస్తే మట్టిలో లావాటి తెల్ల మొలక కనిపించింది, ఆ బాధ ఇప్పటికీ పోలేదు. మార్చిలో చిగురు చూశాక, కుండీలో ఉన్నదానికన్నా ఐదారు సెంటీమీటర్లు లోతుగా నేలలో దించు. పైతీగ వాడినా కిందనుంచి మళ్లీ లేస్తుంది.

అన్నీ బతకవు, పన్నెండు పెట్టు. ఒకటి నాకుంచు. నా దగ్గరున్న మోంటానా, అదీ ఒక క్లెమాటిస్ రకమే, మేలోనే పూసేసి ఊరుకుంటుంది, జులైకి గోడ బోసిగా ఉంటోంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ