కౌన్సెలింగ్ ఎలా ఉందో వచ్చినవాళ్లే చెప్పాలంటే

ఒంగోలు

అమ్మాయికి ఆశీస్సులు.

కావలిలో మీ కౌన్సెలింగ్ సెంటర్ పనితీరు గురించి అక్కడికి వచ్చేవాళ్ల చేతే చెప్పించాలనుకోవడం మంచిదే. కానీ నువ్వు పంపిన ఫారం చూస్తే ప్రశ్నలన్నీ మీరే రాసేశారు. చివర్లో వాళ్లచేత టిక్కులు పెట్టించడం తూతూమంత్రం. ఏం అడగాలో తేల్చేటప్పుడే వాళ్లు మీ పక్కన కూర్చోవాలి.

ఆరేడుగురు చాలు. కనీసం ఇద్దరు మధ్యలో మానేసినవాళ్లు కావాలి. కుదుటపడినవాళ్లు ఎటూ మెచ్చుకుంటారు, లోపం తెలిసేది రాకుండా పోయినవాళ్ల దగ్గరే. వాళ్లకు ఫోన్ చేసేటప్పుడు జాగ్రత్త. ఆడవాళ్లు ఇచ్చిన నంబరు చాలాసార్లు మొగుడిదో కొడుకుదో అయుంటుంది. 'కౌన్సెలింగ్ సెంటర్ నుంచి' అన్నావంటే ఆ ఇంట్లో గొడవే. మొదటిరోజు పేరు రాసుకునేటప్పుడే తర్వాత ఫోన్ చేయొచ్చా, ఏ వేళకు చేయాలి, ఎవరమని చెప్పాలి అని అడిగి పెట్టుకోండి. వాట్సాప్ గ్రూప్ వద్దే వద్దు, ఒకరి నంబరు ఇంకొకరికి తెలిసిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత వాళ్ల హక్కు, మన దయ కాదు.

'సంతృప్తిగా ఉందా?' అన్న ప్రశ్న ఎత్తేయ్. మనవాళ్లు మొహమాటానికి 'బాగుందమ్మా' అనేస్తారు. 'మానేద్దామని ఎప్పుడన్నా అనిపించిందా, ఎందుకు?', 'చెప్పాలనుకొని చెప్పలేకపోయింది ఏమన్నా ఉందా?', 'మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం ముందు ఏం మార్చాలి?' అంటే నోరు విప్పుతారు. అడిగేది వాళ్ల కౌన్సెలర్ కాకూడదు, వాళ్ల ఊరి మనిషీ కాకూడదు. ప్రతి ప్రశ్నా ముందు ఆ ఆరేడుగురి చేత పైకి చదివించు. తడబడిన చోట మార్చెయ్.

ఫారంలో పీహెచ్‌క్యూ-9 ఎందుకు కలిపారు? గడిచిన రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. డిప్రెషన్ ఎంత ఉందో చూడ్డానికి అది బాగానే పనికొస్తుంది. గది బయట గంటసేపు నిలబెట్టారనో, తలుపు సందులోంచి మాటలు వినపడుతున్నాయనో అది చెప్పదు. పైగా తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండనే ఆలోచనల గురించి. పేరు లేని కాగితం మీద ఎవరో దానికి 3 పెట్టి డబ్బాలో వేసి పోతే ఎవర్ని వెతుకుతావు? దాన్ని కౌన్సెలర్ ఎదుటే నింపించి, అప్పటికప్పుడు చూడాలి. మాటల్లో అలాంటిది బయటపడితే ప్రశ్నలు ఆపి, ఆ పూటే కౌన్సెలర్‌కు అప్పగించాలి. ఇలా చేస్తామని మొదలుపెట్టకముందే వాళ్లకు చెప్పాలి. రాత్రివేళ కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 చేతికివ్వండి.

మాట్లాడ్డానికి ఏ రోజు పిలుస్తారో కూడా చూసుకోండి. పొగాకు గ్రేడింగ్ రోజుల్లో, అంటే ఆకును రకాలుగా వేరుచేసే పని రోజుల్లో, కందుకూరు వైపు నుంచి రమ్మంటే ఎవరు రాగలరు? రొయ్యల ఫ్యాక్టరీకి పోయేవాళ్లకైతే షిఫ్టు చూసుకోవాలి.

ఇరవై మంది మాట్లాడితే శాతాలు కట్టకు, 'ఇరవైలో అయిదుగురు' అని రాయి. ఊరు, పని, వయసు మూడూ కలిపి రాస్తే మనిషి దొరికిపోతాడు. 'చీమకుర్తి క్వారీలో చేసే నలభై ఏళ్లాయన' అంటే అక్కడ ఇట్టే పోల్చుకుంటారు. పైకి పంపకముందే రిపోర్టు వాళ్లకు చదివి వినిపించండి. ఏం మార్చారో, ఏది మార్చలేకపోయారో, ఎందుకో ఒక్క పేజీలో నెలలోపు చెప్పండి. లేదంటే రెండోసారి పిలిస్తే రారు. సెంటర్ కమిటీలో వాళ్లను వేస్తే ఇద్దర్ని వెయ్యి, డాక్టర్ల మధ్య ఒక్కరే ఉంటే గొంతు పెగలదు.

బస్సు ఛార్జీ, ఆ రోజు కూలీ నగదుగా అదే రోజు చేతిలో పెట్టండి. వోచర్ మీద కౌన్సెలింగ్ మాట లేకుండా 'మీటింగ్ ఖర్చు' అని రాస్తే చాలు. ఆ కాగితం ఆడిటర్ చూస్తాడు, గుమాస్తా చూస్తాడు.

మీ పెద్దమ్మ